సౌకర్యాల మాస్టారు

భూగోళం మాస్టారికి వాన పడినా అది స్కూలు వాళ్లు ఇచ్చిన సౌకర్యంలాగే కనిపించేది. "చూశారా, సరిగ్గా బడి వదిలే వేళకి ఆగింది! ఇలాంటివి ఇంకే ఉద్యోగంలో దొరుకుతాయండీ?" అనేవారు గొడుగు దులుపుకుంటూ. వాన ఆగకపోతే, "హాయిగా స్టాఫ్ రూములో కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు, అదీ సౌకర్యమే" అనేవారు. దేశం కాని దేశంలో, ఇంటర్నేషనల్ స్కూల్లో పాఠాలు చెప్పుకోవడాన్ని మించిన అదృష్టం మనిషి పుట్టుకకి లేదని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని తన దగ్గరే ఉంచుకుంటే ఎవరికీ బాధ లేదు. కనబడ్డ ప్రతి మనిషికీ పంచేవారు. పళ్ల డాక్టరు ఆయన నోట్లో రెండు చేతులూ పెట్టి పని చేస్తుంటే, దొరికిన సందులోంచే, "మా స్కూలు వాళ్లు పళ్లకి కూడా ఇన్సూరెన్సు కడతారు" అని చెప్పిన ఘనులు. అందుకే అందరూ ఆయన్ని సౌకర్యాల మాస్టారు అనేవారు. ఆ సంగతి తెలిసి ఆయన నొచ్చుకోలేదు సరికదా, "ఊరికే వచ్చింది కదండీ, ఉండనివ్వండి" అన్నారు.

సైన్సు టీచరమ్మ ఆయన్ని మొదటిసారి చూసింది విమానాశ్రయం బయట. ఒక చేత్తో కూతుర్ని, ఇంకో చేత్తో పెట్టెని, కంటిచూపుతో మొగుణ్ణి పట్టుకుని ఆవిడ బయటికి వచ్చేసరికి, స్కూలు వ్యాను పక్కన తనకన్నా లావుగా ఉన్న గొడుగుతో ఒక సన్నటి పెద్దమనిషి నిలబడి ఉన్నారు.

"రండమ్మా, రండి! నేను భూగోళం. మీరు సైన్సు. మరి ఈ బాబు?"

"మా ఆయనండీ."

"అలాగా! కూడా తెచ్చుకున్న భర్తకి టికెట్టు కూడా స్కూలే ఇస్తుంది. పెట్టెలకైతే బరువు చూస్తారు గాని, భర్తలకి అదీ లేదు. ఎంత సౌకర్యం!"

సామాన్ల లెక్కలో తననీ వేశారని ఆయనగారికి అక్కడే ఒళ్లు మండింది. ఆయనగారంటే టీచరమ్మ భర్త. ఆ ఊళ్లో దిగిన దగ్గర్నుంచీ ఆయన్ని అందరూ 'టీచరమ్మ గారి ఆయన' అనే పిలిచారు. మనమూ ఆయనగారనే అందాం, పాపం.

స్కూలు వాళ్లిచ్చిన ఇల్లు మూడో అంతస్తులో. తలుపు తీసేసరికి టీచరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. పక్కలు పరిచి ఉన్నాయి. కిటికీలకి కర్టెన్లు వేలాడుతున్నాయి. వంటింట్లో కుక్కరు, గరిటెలు, బియ్యం, పప్పు, ఆఖరికి పొయ్యి పక్కన అగ్గిపెట్టె, దాని పక్కన ఉప్పు డబ్బా.

"ఉప్పు కూడా స్కూలే ఇస్తుందా మాస్టారూ? నాకు పంపిన కాయితాల్లో ఇల్లు, టికెట్లు, పాప చదువు, వైద్యం, ఇంతవరకే ఉన్నట్టు గుర్తు."

"చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటాయమ్మా. ఎవరూ చదవరు."

'ప్రశ్న పూర్తిగా చదవండర్రా' అని ఏళ్ల తరబడి పిల్లల మీద అరిచిన టీచరమ్మ కూడా చదవలేదు. ఆ మాట పైకి చెప్పలేక, చదివినట్టే తల ఊపింది.

ఇచ్చింది స్కూలని తెలిశాక మనిషికి ధైర్యం వస్తుంది. వారం తిరక్కుండానే టీచరమ్మకి ఆ కర్టెన్లు కంట్లో నలుసుల్లా తయారయ్యాయి. పసుప్పచ్చ గుడ్డ మీద ఎర్ర చిలకలు. ఒక్కో చిలక కోడిపెట్టంత ఉంది.

"మాస్టారూ, స్కూలు వాళ్లకి బొత్తిగా రుచి లేదండీ. పొద్దున్నే కళ్లు తెరిస్తే ఆ చిలకలు నామీదికి వచ్చేస్తున్నాయి. ఎవరు కొంటారసలు ఇలాంటివి?"

మాస్టారు కాస్త గుటక వేశారు. "కర్టెన్లకి ఒక కమిటీ ఉందమ్మా."

"కమిటీ ఉండే ఇలాంటివి కొన్నారా!"

"ముసలి కమిటీ. చూపు సరిగ్గా ఆనదు. నేను పైకి చెప్తానుగా."

రెండు రోజుల్లో లేత నీలం కర్టెన్లు వచ్చాయి. ఎంత మంచి స్కూలో అనుకుంది టీచరమ్మ. అక్కడినుంచి ఇక మొహమాటమే లేకుండా పోయింది. చీపురు మెత్తగా ఉంది, హాల్లో బల్బు గుడ్డిగా వెలుగుతోంది, కుక్కరు కూత పెట్టడానికి మొరాయిస్తోంది. అన్నీ మాస్టారికే చెప్పేది. ఆయన ఒక్కనాడూ మొహం చిట్లించలేదు. "అడగండమ్మా, అడగండి. అడిగితేనే సౌకర్యం" అనేవారు సంబరంగా. మర్నాడో మూడోనాడో ఆ వస్తువు గుమ్మంలో ఉండేది.

వస్తువుల మాట ఎలా ఉన్నా, బడిలో టీచరమ్మ నిజంగానే సుఖపడింది. సొంతూళ్లో ఉన్నప్పుడు ఆవిడ ల్యాబులో ఒకే మైక్రోస్కోపు ఉండేది. ఒక పిల్ల కన్ను ఆనించగానే వెనక లైన్లో ఉన్నవాళ్లు జడ పట్టుకు లాగేవారు. ఇక్కడ ఇద్దరికొకటి. ఉల్లిపొర మీద వంగిన పిల్లవాడు తనివి తీరేదాకా చూసి, తనంతట తనే తలెత్తి, "టీచర్, ఇందులో ఇళ్లున్నాయి!" అన్న రోజున ఆవిడకి ఏడుపొకటే తక్కువ. క్లాసులో ఉన్న పిల్లలు తలా ఒక దేశం వాళ్లు. కూతురైతే నెల్లాళ్లలో అరడజను భాషల్లో 'నా వంతు, నా వంతు' అనడం నేర్చుకొచ్చింది. స్టాఫ్ రూములో ఈ సంగతులు చెబుతుంటే మాస్టారు ఆ క్లాసుని స్వయంగా తనే కన్నట్టు మురిసిపోయేవారు. "అలవాటైతే ఇక వదల్లేరమ్మా. నేను చూడండి, ఎన్ని దేశాలు తిరిగానో. పటంలో పిల్లలకి చూపించే నదుల్లో సగం నేను దాటినవే. దాటడానికి చార్జీలు కూడా స్కూళ్లే ఇచ్చాయి!"

సుఖపడనిది ఆయనగారు ఒక్కరే.

సొంతూళ్లో ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో ఆఫీసరు. బల్ల మీద గంట ఉండేది. నొక్కితే మనిషి వచ్చేవాడు. భార్యకి విదేశంలో ఉద్యోగం వచ్చిందని జీతం లేని సెలవు పెట్టి వెంట వచ్చారు. వచ్చాక చేతికిచ్చిన గుర్తింపు కార్డు మీద ఆయన పేరు పక్కన 'డిపెండెంట్' అని ఉంది.

"ఏమిటిది? నేను డిపెండెంటునా?"

"అది మాటవరసకి రాస్తారండీ."

"మాటవరసకి నిన్ను రాయొచ్చుగా?"

ఆ కార్డు చూసిన దగ్గర్నుంచి ఆయనగారు ఇల్లు కదల్లేదు. వీధిలోకి వెళ్తే భాష రాదు. భాష రాకపోతే ఎవరినీ గదమాయించలేరు. గదమాయించకుండా బతకడం ఆయనకి అలవాటు లేదు. పొద్దస్తమానం కిటికీలోంచి కిందికి చూస్తూ, సాయంత్రం భార్య రాగానే, "ఇవాళ ఆ ఎదురింటావిడ రెండుసార్లు చెత్త పారబోసింది" అని రిపోర్టు ఇచ్చేవారు.

ఒకనాడు రిపోర్టు మారింది. "ప్రిన్సిపాల్ పిలిచినప్పుడు వెళ్లిపోతామని చెప్పెయ్."

విదేశీ స్కూళ్లలో ఒక పద్ధతుంది. ఏడాది సగం గడవకముందే ప్రిన్సిపాల్ ఒక్కొక్క టీచర్నీ గదిలోకి పిలిచి, 'వచ్చే ఏడాది ఉంటారా, వెళ్తారా?' అని అడుగుతారు. ఆ రోజు చెప్పిందే మాట. వెళ్తానంటే మర్నాడే ఆ పోస్టుకి ప్రకటన ఇచ్చేస్తారు. ఆ రోజు దగ్గరికొస్తోంది. ల్యాబు వదలబుద్ధి కాదు. కట్టుకున్నవాణ్ణి కిటికీకి వేలాడదీసి తను సుఖపడనూ లేదు. టీచరమ్మ మధ్యాహ్నం స్టాఫ్ రూములో అన్నం డబ్బా విప్పి, మెతుకు ముట్టకుండా కూర్చుంది.

మాస్టారు ఎదురుగా వచ్చి కూర్చున్నారు. "ఏమ్మా, కూరలో ఉప్పెక్కువైందా? స్కూలుప్పు కాస్త ఘాటు."

ఆవిడ ఉన్నదంతా చెప్పేసింది. మాస్టారు విని, చాలాసేపు తన డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉండిపోయారు. తర్వాత ఉన్నట్టుండి నుదురు కొట్టుకున్నారు.

"అయ్యో, మీరు భాష సౌకర్యం వాడుకోలేదూ?"

"అదేమిటి?"

"కూడా వచ్చినవాళ్లకి ఈ ఊరి భాష నేర్పించడానికి స్కూలే మాస్టర్ని ఇంటికి పంపిస్తుందమ్మా. వారానికి మూడు సాయంత్రాలు, గంట చొప్పున."

"ఎవరా మాస్టరు?"

మాస్టారు అటూ ఇటూ చూశారు. "ప్రస్తుతానికి... నేనే."

ఈ మాట ఇంట్లో చెబితే ఆయనగారు మొదటిసారి కిటికీ వదిలారు. "ఫ్రీయా? రమ్మను. మనకి రావాల్సింది మనం వదులుకోవడమేమిటి?"

అలా మొదలైంది ఆ చదువు. భాష రాకముందే ఆయనగారికి గదమాయించడానికి మనిషి దొరికాడు.

"మాస్టారూ, నాలుగు నిమిషాలు ఆలస్యం."

"తప్పే బాబూ."

"స్కూలు మీకు గంటకి కదా ఇచ్చేది?"

"గంటకే బాబూ."

"మరి మీరు టీ తాగిన టైము గంటలోకి రాదు. చివర్లో కలపండి."

"కలుపుతాను బాబూ, కలపకుండా ఎక్కడికి పోతాను!"

వంటింట్లోంచి టీచరమ్మ కళ్లెర్రజేసేది. ఆయనగారు తగ్గేవారు కాదు. "నీకు తెలీదు, ఊరుకో. ఉద్యోగస్తుణ్ణి మొదట్లోనే అదుపులో పెట్టాలి."

మాస్టారి పద్ధతిలో పుస్తకం లేదు. పాఠానికో దుకాణం. మొదటి పాఠం మంగలిషాపులో. "క్షవరానికి కూర్చునేముందు 'చాలు' అనడం నేర్చుకోవాలి బాబూ. మిగతావి తర్వాత" అని ఆ మాట ఇరవైసార్లు వల్లె వేయించి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తను బయట నిలబడ్డారు. కత్తెర చప్పుడు వినగానే ఆయనగారు ఆ ఒక్క మాటా మరిచిపోయారు. చెయ్యెత్తి ఆపుదామంటే చేతులు గుడ్డ కింద ఉన్నాయి. ఇంటికొచ్చేసరికి కూతురు ఎగిరి గంతేసింది.

"నాన్నా! నీ తల గ్లోబులా ఉంది!"

"మీ భూగోళం మాస్టారి పనేనే ఇది" అన్నారు ఆయనగారు తల తడుముకుంటూ. "పాఠం చెప్పుకోడానికి పనికొస్తుందని చేయించుంటాడు."

కాని మర్నాడు ఆ మంగలి వీధిలో కనబడి, ఆయనగారి తల చూసి, పొట్ట పట్టుకుని నవ్వి, లోపలికి పిలిచి టీ ఇచ్చాడు. పాఠాలు సాగేకొద్దీ వచ్చీరాని మాటలతో కబుర్లూ సాగాయి. ఒకనాడు మంగలి తన షాపు గోడ చూపించాడు. పైఇంటి పైపు పగిలి గోడంతా చెమ్మెక్కి, అద్దం పాడైపోయింది. ఇన్సూరెన్సు వాళ్లేమో రేపు రా, మాపు రా అంటున్నారట. అది వినగానే ఆయనగారి వెన్ను నిటారుగా అయింది. రేపు రా అనడంలో ఆయన ఆరితేరినవారు. ఎవరిచేత ఎప్పుడు ఎందుకు అనిపిస్తారో, ఏ కాయితం బల్ల మీద పెడితే ఆ మాట ఆగుతుందో ఆయనకి తెలిసినట్టు ఆ వీధిలో ఎవరికీ తెలీదు. మాటలు చాలనిచోట చేతులతో చెప్పారు. చేతులు చాలనిచోట మాస్టారు పక్కనుండి అందించారు. కొత్త అద్దం వచ్చింది.

ఆ తర్వాత బూట్లషాపువాడు వచ్చాడు. తర్వాత బేకరీ ఆవిడ. ఆయనగారికి కిటికీలోంచి చూసే తీరికే లేకుండా పోయింది. ఒక సాయంత్రం టీచరమ్మ కూరగాయల కొట్టుకెళ్తే, కొట్టావిడ తేరిపార చూసి ఏదో అడిగింది. పక్కనున్న కూతురు అనువదించింది. "అమ్మా, 'కాయితాలాయన గారి భార్యవి నువ్వేనా?' అంటోంది."

టీచరమ్మ ఇంటికెళ్లేదాకా నవ్వుతూనే ఉంది.

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాల్సిన రోజు ఉదయం ఆయనగారే ఎత్తారు మాట. "ఉంటామని చెప్పు. ఇంకా బేకరీ ఆవిడ పని సగంలో ఉంది."

టీచరమ్మ చేతిలో దువ్వెన అలాగే ఆగింది. "నిజంగానా అండీ?"

"నిజమే. కాని ఒక షరతు పెట్టు. భాష క్లాసు గంట చాలట్లేదు, రెండు గంటలు చెయ్యమను. మెల్లిగా కాదు, గట్టిగా అడుగు. మాస్టారు మెతక మనిషి, తనంతట తను పైన అడగడు. రెండో గంట డబ్బులు ఆయనకీ వస్తాయి కదా."

ప్రిన్సిపాల్ గదిలో ప్రిన్సిపాలమ్మతో పాటు ఆఫీసు మేనేజరు కూడా ఉన్నారు. ప్రిన్సిపాలమ్మ పోయిన ఏడాదే వచ్చింది. మేనేజరు మాత్రం ఆ బిల్డింగు కట్టినప్పట్నుంచీ ఉన్న మనిషి.

"ఉంటాం మేడమ్" అంది టీచరమ్మ. ప్రిన్సిపాలమ్మ సంతోషంగా చెయ్యి చాపింది. టీచరమ్మ ఆ చెయ్యి అందుకోలేదు. "కాని మా ఆయన భాష క్లాసు రెండు గంటలు చెయ్యాలి."

"ఏ భాష క్లాసు?"

"స్కూలు ఇస్తున్న క్లాసే మేడమ్. భూగోళం మాస్టారు వచ్చి చెబుతున్నారు కదా."

"మన స్కూలు అలాంటిదేమీ ఇవ్వడం లేదే."

గట్టిగా అడగమన్న మొగుడి మాట గుర్తొచ్చింది టీచరమ్మకి. "చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది మేడమ్. మీరు పూర్తిగా చదవలేదనుకుంటా."

మేనేజరుకి దగ్గొచ్చింది. టీచరమ్మ ఊపు మీదుంది. "నేనేం కొత్తగా అడగడం లేదు. బియ్యం, పప్పు, కుక్కరు, చీపురు అన్నీ ఇచ్చారు. కాదనను. కర్టెన్లు బాలేవంటే మార్చారు కూడా. కర్టెన్ల కమిటీకి నా తరఫున..."

"కర్టెన్లకి కమిటీ ఉందా మనకి?" ప్రిన్సిపాలమ్మ మేనేజరు వైపు తిరిగింది.

"ఉంది మేడమ్, ముసలి కమిటీ" అంది టీచరమ్మ. "చూపు సరిగ్గా... ఆన..."

కమిటీ మాట చెప్పేముందు మాస్టారు వేసిన గుటక ఆవిడకి కళ్లముందు కనబడింది. కోడిపెట్టంత చిలకల గురించి తను ఏమేమి అందో వరసగా చెవుల్లో మోగింది.

ప్రిన్సిపాలమ్మకి నవ్వాగలేదు. "అంటే మీ భూగోళం మాస్టారు స్కూలు పేరు చెప్పి అన్నీ తనే..." నవ్వుతూ నవ్వుతూ ఆవిడా ఆగిపోయింది. "ఒక్క నిమిషం. మా ఇంట్లో ఆ మందపాటి రగ్గు?"

"మనం రగ్గులివ్వం మేడమ్" అన్నారు మేనేజరు.

"ప్రిన్సిపాళ్లకి చలికాలం సౌకర్యం అన్నాడే!"

"అంటారు మేడమ్."

"దాని రంగు బాలేదని నేను రెండుసార్లు..."

"రెండుసార్లూ మార్చారు కదా మేడమ్."

ప్రిన్సిపాలమ్మ ఫోను మీద చెయ్యి వేసింది. "పిలుస్తాను. ఇప్పుడే థాంక్స్ చెప్పాలి."

"అంత పని చెయ్యకండి మేడమ్!" మేనేజరు నిజంగానే కంగారుపడ్డారు. "ఇదివరకు సంగీతం టీచరుకి ఇలాగే తెలిసిపోయింది. అందరిముందూ చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పింది. ఆయన నెల్లాళ్లు వెనక గేటులోంచి వచ్చి వెళ్లారు. ఆవిడ కనబడితే స్తంభాల చాటున నక్కేవారు. ఎందుకయ్యా ఇదంతా అని నేనే అడిగాను. 'మనిషిస్తే మొహమాటపడి వద్దంటారండీ. స్కూలిస్తే దబాయించి మరీ తీసుకుంటారు. నాకు ఆ దబాయింపే హాయి' అన్నారు."

"స్కూలు పేరు వాడుకోవడం రూల్సుకి విరుద్ధం కాదూ?"

"విరుద్ధమే మేడమ్. ఆపమని చెప్పమంటారా?"

"అప్పుడు నా రగ్గు వెనక్కి ఇవ్వాలా?"

"ఇవ్వాల్సే రావచ్చు."

ప్రిన్సిపాలమ్మ ఫోను మీద చెయ్యి తీసేసింది. "నేనేం వినలేదు. టీచర్, మీరు వచ్చే ఏడాది ఉంటున్నారు. చాలా సంతోషం."

సాయంత్రం సంగతంతా విని ఆయనగారు కుర్చీలో కూలబడ్డారు.

"టీ తాగిన టైము కూడా కలపమన్నానే!"

"అన్నారు."

"జలుబు చేసి ఆయన రాకపోతే, ఆ గంట ఆదివారం రాబట్టానే!"

"రాబట్టారు."

"నువ్వు చెప్పొద్దూ?"

"నేను చిలకలకే సిగ్గుతో చస్తున్నాను, మీకేం చెప్పను?"

"పోనీ ఇన్నాళ్ల డబ్బులూ కవర్లో పెట్టి ఇచ్చేద్దాం."

"ఇస్తే ఇక మన గడప తొక్కరు."

"కాళ్ల మీద పడతాను."

"వెనక గేటు."

ఆయనగారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. "మరేం చెయ్యమంటావే?"

"ఎప్పట్లాగే గదమాయించండి."

"ఎలా గదమాయించనే? నోరెలా వస్తుంది?"

"ఇన్నాళ్లూ ఎలా వచ్చిందో అలాగే."

తలుపు గంట మోగింది. గుమ్మంలో మాస్టారు, వానకి సగం తడిసి, గొడుగు మూయడానికి అవస్థ పడుతూ. టీచరమ్మ టీ కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. ఆయనగారు గొంతు సవరించుకున్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"మాస్టారూ... మీరు... ఆలస్యం."

"తప్పే బాబూ! వాన..."

"వానైతే... వానైతే మాకేం?" ఆయనగారు తువ్వాలు తీసి చాపారు. "స్కూలు డబ్బులు... ఊరికే వస్తున్నాయా? ముందు ఆ తల తుడుచుకోండి. తడితలతో పాఠం చెబితే ఒప్పుకోం. అదిగో ఆ మెత్తటి కుర్చీలో కూర్చోవాలి. టీ వేడిగా ఉండగానే తాగాలి. చల్లారితే పైకి కంప్లెయింటు చేస్తాను!"

భూమ్మీద ఎవరూ ఎవర్నీ అంత ప్రేమగా కసిరి ఉండరు. మాస్టారు తువ్వాలు అందుకుంటూ ఆయన్ని ఓరగా చూశారు. టీచరమ్మని చూశారు. ఆవిడ చటుక్కున పైకప్పు వైపు చూసింది.

"ఇవాళ ఏం నేర్చుకుందాం బాబూ?"

"'వచ్చే ఏడాది కూడా మేం ఇక్కడే ఉంటాం' అని ఎలా అనాలో చెప్పండి. రేపు వీధిలో అందరికీ చెప్పుకోవాలి."

ఇంతవరకూ ఏ సంగతికైనా ఠక్కున సౌకర్యం వెతికి చెప్పే మాస్టారికి ఆ పూట ఏదీ దొరకలేదు. కళ్లజోడు తీసి, తడి లేని అద్దాలు తుడిచారు.

"అది... అది పాఠాల్లో లేదు బాబూ. దానికి వేరే కట్టాల్సుంటుంది."

"ఎవరు కట్టాలి?"

"స్కూలే" అన్నారు మాస్టారు.

"స్కూలే" అన్నారు ఆయనగారు, సరిగ్గా అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ ఒక్క వాక్యం నేర్చుకోవడానికి ఆయనగారికి రెండు గంటలు పట్టింది.